చెవి మొలిచిన చెట్టు

చింతచెట్టు మొదట్లో, నేలకు జానెడు ఎత్తున, మానులోంచి పొడుచుకొచ్చే గట్టి పుట్టగొడుగును మా వైపు చింతపండు వ్యాపారులు చెవి అంటారు. దానికి కాడ ఉండదు. గోడకు కొట్టిన చిన్న అలమారు చెక్కలా మానుకు అతుక్కుని ఉంటుంది. చెవి మొలిచిన చెట్టు విరగకాస్తుందని వాళ్ల నమ్మకం. అందుకే చెట్టు మీది కాపును గుత్తకు తీసుకోవడానికి వెళ్లినవాళ్లు ముందు కొమ్మల వైపు చూడరు. చెప్పులు విడిచి మొదలు చుట్టూ ఒకసారి తిరుగుతారు. చెవి కనిపిస్తే దానికి కుంకుమ బొట్టు పెట్టి, ఆ తర్వాతే చెట్టుగల ఆసామితో బేరం మాట్లాడతారు. మా ఆయనా అంతే.

మా ఆయన పోయాక వస్తున్న రెండో కాపు ఇది. ఆయన ఉన్నన్నాళ్లూ ఈ చెవి మీద మా ఇద్దరికీ పోట్లాట. పెళ్లయిన కొత్తలో మొదలై ఆయన ఆఖరి ఏడాది దాకా సాగింది. ఆ ఆఖరి ఏడు కార్తీకంలో నేను గెలిచాను. ఎందుకు గెలిచానా అని ఇవాళ్టికీ ఏడుస్తున్నాను.

మాది ఉదయగిరి. కాపురం ఆత్మకూరులో. ఆయనకు మార్కెట్ దగ్గర చింతపండు గోడౌను, నాకు జూనియర్ కాలేజీలో బోటనీ పాఠాలు. పెళ్లయిన ఏడు ఉదయగిరి కొండ కింద ఒక చెట్టు చూడటానికి బండి మీద నన్నూ తీసుకెళ్లాడు. కొత్త పెళ్లికూతుర్ని సినిమాకి తీసుకెళ్లకుండా చింతచెట్టు దగ్గరికి తీసుకొచ్చాడేంటని మూతి ముడుచుకుని కూర్చున్నాను. అంతలో మొదట్లో అది కనిపించింది. పైన ముదురు గోధుమ రంగు, వార్నిష్ కొట్టినట్టు మెరుపు, అంచున తెల్లటి చార. పుస్తకంలో బొమ్మ తప్ప చూసి ఎరగను. సంబరంతో చెయ్యి వేసి లాగబోయాను.

"మేయ్! చెవి మీద చెయ్యి తియ్యి!" అని ఒక్క కేక పెట్టాడు. "దాన్ని పెరికినావంటే కాపు పోతాది."

"కాపు కాదు, చెట్టే పోతాది. ఇది గానోడెర్మా. లోపల మాను కుళ్లిపోతా ఉంటేనే ఇది బయటికొస్తాది."

"కుళ్లిన చెట్టు ఇంత కాస్తాదా? పైకి చూడు ఒకసారి. కాలేజీలో ఇదేనా చెప్పింది నీకు?"

చూశాను. కొమ్మ కొమ్మకూ వంగిపోయే కాపు. ఆ రోజు ఆయనే గెలిచాడు. దారి పొడుగునా ఈల వేసుకుంటూ బండి నడిపాడు, మనిషికి అంత పొగరు.

తర్వాత నాకు సంగతి తెలిసింది. ఆయన చూసినదీ అబద్ధం కాదు, నేను చదివినదీ అబద్ధం కాదు. మొదలు కుళ్లిన చెట్టు పోయే ముందు ఒకటి రెండు కాపులు ఎన్నడూ లేనంతగా కాస్తుంది. ఉన్నదంతా పూతలో పెట్టేస్తుంది. ఇది చెబితే ఆయన మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేసేవాడు.

"బాగా కాస్తాదని నువ్వే ఒప్పుకున్నావు గదా! ఇంకేం గావాల?"

"పోయేముందు కాస్తాదని చెప్తా ఉంటే మీకు వినపడదే?"

"చెట్టుకి తెలుసా ఏంది, పోతానని?"

"తెలియకపోయినా దాని ఒంటికి తెలుస్తాది."

"చెట్టుకి ఒళ్లంట!" అని గోడౌనులో గింజలు తీసే ఆడవాళ్లందరికీ వినపడేలా నవ్వేవాడు. వాళ్లూ ఆయన పక్షమే. జీతం ఇచ్చేది ఆయన గదా మరి.

నేనూ ఊరుకునే రకం కాదు. చెట్టు చూడబోయినప్పుడల్లా వెంటపడేదాన్ని. ఆయన కొమ్మలు చూస్తే నేను మొదళ్లు చూసేదాన్ని. మానుకు మొలిచినదల్లా ఒకటి కాదు. ముందు ఏ చెట్టో చూడాలి. అది బతికి ఉందా, ఎండిందా అన్నది తర్వాత. కొట్టి పడేసిన దుంగల మీద నారింజ రంగులో, అట్టముక్కంత పలచగా వచ్చేవి వేరు. అవి చచ్చిన కట్టెనే తింటాయి, వాటితో బాధ లేదు. నల్లతుమ్మ మీద వచ్చేది నల్లగా, పగుళ్లు పగుళ్లుగా గుర్రపు డెక్కలా ఉంటుంది, రాయితో కొట్టినా ఊడదు. చింత మొదట్లో వచ్చే చెవి కింది భాగం తెల్లగా ఉంటుంది. భూతద్దం పెడితే సూది గుచ్చినట్టు సన్నటి రంధ్రాలు. గోటితో గీస్తే గీత క్షణంలో గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆరాక కూడా చెరగదు. దాని కింద రాలిన ఆకుల మీద కాఫీ పొడి చల్లినట్టు ఒక దుమ్ము ఉంటుంది. గాలికి పోయి ఇంకో చెట్టు గాయంలో పడేది అదే.

ఇవన్నీ ఆయనకు చెప్పేదాన్ని. వినీ విననట్టు ఉండేవాడు. కాయనిచ్చే చెట్టు చెవిని మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. ఎండిన మోడు మీదివి ఎన్నయినా తెచ్చుకోమనేవాడు. అట్లా తెచ్చినవి గోడౌను అరలో వరసగా పెట్టుకున్నాను. అన్నీ ముసలివి, పురుగు తిన్నవి. కాస్తున్న చింత మీద పెరుగుతున్న చెవి ఒక్కటి కావాలని నా ఆశ. "మా పంతులమ్మకి బంగారు కమ్మలు వద్దంట, చెట్టు చెవులు గావాలంట" అని ఊరంతా చెప్పి నవ్వించేవాడు.

ఆయన ఆఖరి ఏడు వేసవిలో చింతలన్నీ పూసిన పూత చూసి మేమిద్దరం మురిసిపోయాం. ఆయన కూడా ఆ ఏడు మహా హుషారుగా ఉన్నాడు. ఏళ్ల తరబడి కారుతున్న గోడౌను రేకులు మార్పించాడు. కుంటిసాకులు చెబుతూ వాయిదా వేసిన పనులన్నీ నెత్తిన వేసుకున్నాడు. జలదంకిలో ఉండే వాళ్ల అక్కతో ఏదో పెళ్లి మర్యాద దగ్గర మాట పట్టింపు వచ్చి మాటలు లేవు. చెప్పా పెట్టకుండా పోయి ఆమె ఇంట్లో అన్నం తిని వచ్చాడు. నాకు స్కూటీ నేర్పించాడు. కాలువలో పడేస్తానని నేను, పడేస్తే పడెయ్యి నేను తీస్తానని ఆయన. కొండాపురం, దుత్తలూరు వైపు ఎప్పుడూ తీసుకోనన్ని చెట్లు తీసుకున్నాడు. నన్ను పక్కన నిలబెట్టుకుని కాయ విరిచి నా అరచేతిలో పెట్టి నొక్కమనేవాడు. వేలికి అంటుకుంటే ఎట్టా, అంటుకోకపోతే ఎట్టా, ఏది పాతబడితే నల్లబడుతుంది, ఏది నల్లబడదు.

"నాకెందుకండీ ఇదంతా?"

"నువ్వు రిటైరైనాక పని గావాల గదే. ఇంట్లో కూర్చుంటే నన్ను తింటావు."

ఒళ్లు మాత్రం తగ్గింది. బెల్టుకు కొత్త బెజ్జం పొడుచుకున్నాడు. షుగర్ కోసం అన్నం తగ్గించానన్నాడు. నాకు సంతోషం వేసింది, ఇన్నాళ్లకు నా మాట విన్నాడని. "మా ఆయనకి కుర్రతనం వచ్చిందమ్మా" అని పక్కింటామెతో నేనే అన్నాను. అని, దిష్టి తగులుతుందని ఉప్పూ మిరపకాయలూ కూడా తిప్పి పోశాను. బోటనీ మేడమ్‌నే నేను, అయినా తిప్పాను.

నాగుల చవితి మర్నాడు ఉదయగిరి దాటి దుత్తలూరు దారిలో ఒక చెట్టు దగ్గరికి వెళ్లాం. కందిచేను గట్టున పెద్ద చింత. దాని ఆసామి ఒక ముసలావిడ, కొడుకులు చేను చేస్తున్నా చింత బేరం మాత్రం ఆమెదే. ఆయన్ని "శెట్టీ" అని నోరారా పిలిచేది. ఆ చెట్టుకు ఏడాది ముందే చెవి మొలిచింది. ఈసారి కాయ ఎట్లా పట్టిందంటే ఆకు కనపడటం లేదు. నేను తల ఎత్తి నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆయన ఒక్కసారి కూడా పైకి చూడలేదు. నేరుగా పోయి మొదట్లో గొంతుక్కూర్చున్నాడు.

సంచిలో చిమ్మిలి ఉండలు తెచ్చాను, తినమన్నాను. తర్వాత తింటానన్నాడు.

చెవి కింది వైపు బొటనవేలి గోటితో మెల్లగా గీశాడు. గీత గోధుమ రంగుకు తిరిగేదాకా చూశాడు.

"గీత పడితే నీ గానోడెర్మా. కింద తెల్లగా ఉంటే ఇంకా పెరుగుతా ఉన్నట్టు. అంతేనా?"

"అబ్బో! ఫస్ట్ క్లాసు!" అన్నాను. ఇన్నేళ్లూ వినీ విననట్టు ఉంటూ అంతా విన్నాడని నాకు ఎంత మురిపెమో.

"దీన్ని కోసేస్తే చెట్టు బాగుపడతాదా?"

"పడదు. ఇది పైకి కనిపించేది, అంతే. లోపల మానంతా అల్లుకుపోయి ఉంటాది. బయటికి కనిపించిందంటే లోపల అయిపోయిందనే లెక్క."

"మందేమీ లేదా?"

"ఈ దశలో ఉండదండీ. ముందే తెలిస్తే ఏమన్నా చేయొచ్చేమో. ముందు తెలవదు, అదే దీంతో వచ్చిన చిక్కు."

"ఇంకెన్నాళ్లుంటాది?"

"ఒక కాపు. గట్టిదైతే రెండు."

క్లాసులో చెప్పినట్టే చెప్పాను. గొంతు పెంచి, వేలు చూపిస్తూ, చివరి బెంచీకి వినపడేటట్టు.

కందిచేలో పిట్టలు తోలుతూ ఎవరో డబ్బా కొడుతున్నారు. ఆయన మానుకు చెయ్యి ఆనించి లేచి అన్నాడు, "నువ్వు చెప్పిందే నిజం. పోతా ఉండాది గనకనే అంత కాస్తా ఉండాది."

నా చెవుల్ని నమ్మబుద్ధి కాలేదు. "ఏమన్నారు? మళ్లీ అనండి!"

"నువ్వు గెలిచినావులే."

ముసలావిడను కత్తి అడిగాడు. తెచ్చాక మొదట్లో కూర్చుని, బొట్టు పెట్టిన ఆ చెవిని మాను వెంబడి జాగ్రత్తగా కోయడం మొదలుపెట్టాడు. ముసలావిడ గుండె బాదుకుంది.

"అయ్యో శెట్టీ! చెవి కోస్తా ఉండావేంది? కాపు పోదా?"

"పోదులే అవ్వా. మా పంతులమ్మ చెప్పింది. ఆమెకి ఎప్పట్నించో గావాలంట."

కోసి, దుమ్ము దులిపి, రెండు చేతులతో నాకిచ్చాడు. తాంబూలం ఇచ్చినట్టు ఇచ్చాడు. నేను పిచ్చిదానిలా దాన్ని తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. దారిలో బండి మీద వెనక కూర్చుని మా చెల్లెలికి ఫోన్ చేశాను. "మీ బావ ఓడిపోయినాడే! ఒప్పుకున్నాడు! చెట్టు కింద నిలబడి ఒప్పుకున్నాడు!" అని అరిచాను. ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టి "చెప్పండి, చెప్పండి దానికి" అన్నాను. ఆయన వీపు కదిలింది. నవ్వుతున్నాడనుకున్నాను.

మాఘంలో కాయ దులిపారు. అటువంటి కాపు ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. కింద పరిచిన పట్టాల మీద కాయ మోకాటి లోతు పడింది. ఆయన చెట్టు నీడలో నులక మంచం మీద కూర్చుని, లేవకుండా, నన్నే అన్నీ చూసుకోమన్నాడు. కాయ ఏరే ఆడవాళ్లు "అమ్మకి అప్పజెప్పేసినావా శెట్టీ యాపారం" అని ఎగతాళి చేస్తే, "ఆమె గెలిచింది మరి, చేసుకోనీ" అన్నాడు. ఎండకు ఆయన కళ్లు పచ్చగా కనిపిస్తున్నాయనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే ఎండ కాదు.

మర్నాడే నెల్లూరు పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాను. కామెర్లని నా నమ్మకం, పసరు మందుకి పోదామంటే వద్దని మొండికేశాడని నా కోపం. డాక్టర్ ఆయన్ని చూడగానే గుర్తుపట్టాడు. నా వైపు తిరిగి, విసుగు లేకుండానే అన్నాడు.

"దీపావళికి ముందు వచ్చినప్పుడే ఈయనకి చెప్పినాను గదమ్మా, క్యాన్సర్ లివరంతా పాకిందని. ఇంటికి పోయి మీతో మాట్లాడి వస్తానన్నారు. మీరు కూడా వైద్యం వద్దనుకున్నారేమో అనుకున్నాను."

దీపావళికి ముందు. మేం చెట్టు దగ్గరికి వెళ్లింది నాగుల చవితి మర్నాడు. నా నోటి నుంచి వచ్చిన మాటలన్నీ వరసగా నాకే వినపడటం మొదలుపెట్టాయి. బయటికి కనిపించిందంటే లోపల అయిపోయిందనే లెక్క. ఒక కాపు. గట్టిదైతే రెండు.

వార్డులో ఆయన పక్కన కూర్చుని మొదట నేను ఏడవలేదు, తిట్టాను. మొగుణ్ని మంచం మీద పడుకోబెట్టి తిట్టిన దాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. "నాతో ఒక్క మాట చెప్పడానికి ఏమొచ్చింది మీకు? నేనేమన్నా పరాయిదాన్నా? ఎందుకు చెప్పలా?"

ఆయన నా చెయ్యి అందుకున్నాడు. "చెప్పాలనే ఆ రోజు బయలుదేరినా. చెట్టు కింద చెప్తామనుకున్నా. అడిగితే నువ్వే అంతా చెప్పేస్తివి. డాక్టరు చెప్పిందానికంటే నువ్వు చెప్పిందే బాగా అర్థమైనాది."

"నేను చెట్టు గురించి చెప్పినానండీ!"

"నాకు తెలుసులే" అన్నాడు. నవ్వాడు కూడా. "ఎంత సంబరపడినావు ఆ రోజు! ఆ మొహం చూసినాక ఇంకెట్టా చెప్పేది?"

ఉగాది పచ్చడికి ఆయన లేడు.

ఆయన పోయాక ఇంట్లో వాళ్లు గోడౌను అద్దెకివ్వమన్నారు. ఇవ్వలేదు. ఆయన అంత ఓపిక లేని ఒంటితో నా అరచేతిలో కాయలు నొక్కి నొక్కి నేర్పింది అద్దెకివ్వడానికా? కాలేజీకి సెలవు పెట్టి, స్కూటీ మీద చెట్లు చూడటానికి నేనే పోతున్నాను. చెప్పులు విడిచి మొదలు చుట్టూ తిరుగుతాను. కుంకుమ పొట్లం కూడా సంచిలో ఉంటుంది. ఆయన కోసి ఇచ్చిన చెవి అరలో మిగతా వాటి పక్కనే ఆరిపోయి, తేలికైపోయి ఉంది. తిప్పి చూస్తే కింద ఆయన గోటి గీత ఉంటుంది. అది చెరగదని చెప్పినదాన్నీ నేనే. గోడౌను ఊడ్చే ఆమెకు దాన్ని ముట్టవద్దని గట్టిగా చెప్పాను. అందుకే ఇప్పటిదాకా దాని మీద దుమ్ము కూడా ఎవరూ తుడవలేదు.

మొన్న తుఫాను గాలికి దుత్తలూరు దారిలో చెట్టు పడిపోయిందని ముసలావిడ కబురు చేసింది. వెళ్లాను. కందిచేలో అడ్డంగా పడి ఉంది, వేళ్లు పైకి లేవలేదు, మొదట్లోనే పుటుక్కున విరిగింది. విరిగిన చోట లోపల మాను తెల్లగా, పీచు పీచుగా ఉంది. చేత్తో తీస్తే నీళ్లలో నానిన రొట్టెలా ఊడి వచ్చింది. ఇంత బోలు పెట్టుకుని అంత కాపు ఎట్లా మోసిందో, మోస్తూ ఎట్లా నిలబడిందో నాకు అంతుపట్టలేదు. అక్కడే, ఆయన కూర్చున్న చోటే కూర్చుని, వలవలా ఏడ్చాను. చెవిని కోసిన చోట మళ్లీ కొత్తది, రూపాయి బిళ్లంత, తెల్లగా మొలుస్తోంది.

ముసలావిడ నా పక్కనే కూర్చుని వీపు నిమిరింది. చెట్టు పోయిందని ఏడుస్తున్నాననుకుందో, అసలు సంగతి తెలుసో నేను అడగలేదు. కాసేపటికి లేవదీసి, చేను అవతలి గట్టు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ ఇంకో చింత, వయసులో ఉన్నది. మొదట్లో ఆకులు పక్కకు తోసి చూపించింది. చెవి. పైన మెరుపు, అంచున తెల్ల చార, కింద ఆకుల మీద కాఫీ పొడి.

"మొన్న వానలకి మొలిచిందమ్మా. శెట్టి ఉంటే ఎంత సంబరపడేవాడో! నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. రేపేడు బాగా కాస్తాది గదా?"

నా జన్మలో ఈ ప్రశ్నకు నేను సగం జవాబు చెప్పి ఊరుకున్నది లేదు. రెండో సగం నాలుక చివరి దాకా వచ్చింది. సంచిలోంచి కుంకుమ తీసి చెవికి బొట్టు పెట్టాను.

"కొమ్మలెక్కడానికి ఎవుర్నీ పంపబాకవ్వా, కింద రాలిందే ఏరుకుందాం" అన్నాను. "కాపంటావా, బాగా కాస్తాది. మా ఆయన చెప్పేవాడు గదా."